ఓసీఐ కార్డుతో పన్నెండేళ్లు: ఎక్కడ సాఫీగా సాగుతుంది, ఎక్కడ ఆగిపోతాం

అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లలో చాలామంది ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డును "రెండో పాస్‌పోర్టు" అంటుంటారు. చూడ్డానికి అలాగే ఉంటుంది కాబట్టి ఆ పొరపాటు సహజమే. నిజానికి అది జీవితకాలం చెల్లే వీసా. ఎన్నిసార్లయినా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండొచ్చు, పోలీసు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఈ పని వరకు దానికి నేను నూటికి తొంభై మార్కులు వేస్తాను. మిగిలిన పది మార్కులూ పోయేది కార్డు వల్ల కాదు, దాన్ని పాస్‌పోర్టు అనుకోవడం వల్ల.

1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, ఇష్టపూర్వకంగా ఇంకో దేశ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. అమెరికాలో ప్రమాణం చేసిన రోజు నుంచే బీరువాలోని భారత పాస్‌పోర్టు, ఇంకా ఏడేళ్ల గడువున్నా సరే, ప్రయాణానికి పనికిరాదు. "ఈ ఒక్కసారికి దీంతో వెళ్లొచ్చేద్దాం" అని ఎవరు సలహా ఇచ్చినా వినకండి. అది నేరం, పైగా తర్వాత పాస్‌పోర్టు సరెండర్ చేసేటప్పుడు జరిమానా రూపంలో బయటపడుతుంది. వరస ఇదీ: ముందు అమెరికా పాస్‌పోర్టు, తర్వాత భారత పాస్‌పోర్టు సరెండర్, ఆ సర్టిఫికెట్‌తో ఓసీఐ దరఖాస్తు. అమెరికాలో కొత్త ఓసీఐకి ప్రభుత్వ ఫీజు 275 డాలర్లు. కార్డు చేతికొచ్చేలోపు ఇంటి దగ్గర ఎవరికైనా బాగోలేక వెళ్లాల్సి వస్తే, అమెరికా పాస్‌పోర్టు మీద ఈ-వీసా తీసుకోవాలి. శంషాబాద్‌లో అది చెల్లుతుంది.

దరఖాస్తు ఎక్కువగా వెనక్కొచ్చేది రెండు చిన్న విషయాల దగ్గర. ఫొటో చతురస్రంగా ఉండాలి, వెనక లేత రంగు ఉండాలి కానీ తెలుపు ఉండకూడదు. అమెరికా పాస్‌పోర్టుకు తెల్ల బ్యాక్‌గ్రౌండే కావాలి కాబట్టి, అదే ఫొటో ఇక్కడా పెట్టేసి ఇరుక్కుంటారు. సంతకం పెట్టె వెడల్పు ఎత్తుకు మూడింతలు. పిల్లల దరఖాస్తులో తల్లి, తండ్రి ఇద్దరి సంతకాలూ కావాలి.

పేర్ల గొడవ మాత్రం అచ్చంగా మనది. పాత భారత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి, మొత్తం పేరు ఒకే గడిలో రాయించుకున్నవాళ్లు మనలో బోలెడుమంది. అమెరికా వీసాలో ఆ మొత్తం పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లి, పేరు గడిలో "ఎఫ్ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడి, ఏళ్ల తరబడి లైసెన్సు దాకా వెంటాడుతుంది. పౌరసత్వం వచ్చేటప్పుడు దాన్ని సరిచేసుకోవచ్చు, సరిచేసుకోవాలి కూడా. కానీ అప్పుడు అమెరికా పాస్‌పోర్టులో ఒక పేరు, సరెండర్ చేసిన దాంట్లో మరో పేరు ఉంటాయి. పేరు మారినట్టు చూపే కాగితం నకలు దరఖాస్తుతో జతచేయండి. ఓసీఐ, టికెట్ రెండూ అమెరికా పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఎయిర్‌లైన్ ఖాతాలో పాత పేరు అలాగే ఉండిపోయి, టికెట్ దాని మీద బుక్ అయిపోవడం తరచూ జరిగే తప్పు.

ఇక చెక్-ఇన్ కౌంటర్. ఇబ్బంది వస్తే ఎక్కువగా అమెరికా వైపు కౌంటర్‌లోనే వస్తుంది. పాస్‌పోర్టు స్కాన్ చేయగానే సిస్టమ్ భారత వీసా అడుగుతుంది. ఎదుటి మనిషి వీసా పేజీలు ఒక్కొక్కటే తిప్పడం మొదలుపెడతారు. వాళ్లు అడిగేలోపే ఓసీఐని ఫొటో ఉన్న పేజీ దగ్గర తెరిచి, పాస్‌పోర్టు మీద పెట్టి ఇవ్వండి. ఒరిజినల్ కార్డే ఉండాలి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఎక్కించరు. కార్డు మీద పాత పాస్‌పోర్టు నంబరు ఉంటే ప్రశ్న రావచ్చు. పాత పాస్‌పోర్టు మోసుకెళ్లాల్సిన నిబంధనను 2021లో తీసేశారు. అయినా నేను వెంట తీసుకెళ్లమనే చెప్తాను, రెండు నంబర్లూ పక్కపక్కన కనిపిస్తే ఆ ప్రశ్న అక్కడితో తేలిపోతుంది.

కొత్త పాస్‌పోర్టు వచ్చిన ప్రతిసారీ కార్డు మార్చాలన్నది పాత మాట. 20 ఏళ్లు నిండాక వచ్చే మొదటి పాస్‌పోర్టుకు ఒక్కసారి మారిస్తే చాలు. 20 దాటాక మొదటిసారి ఓసీఐ తీసుకున్నవాళ్లకు అదీ అక్కర్లేదు. అయితే అప్‌లోడ్ వేరు. 20 ఏళ్లలోపు పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ, 50 నిండాక ఒకసారి, కొత్త పాస్‌పోర్టు నకలు, కొత్త ఫొటో ఓసీఐ పోర్టల్‌లోని మిసలేనియస్ సర్వీసెస్‌లో పెట్టాలి. గడువు మూడు నెలలు, ఖర్చు లేదు. పెద్దవాళ్లు తమ కార్డు గుర్తుపెట్టుకుని పిల్లల దగ్గర మర్చిపోతారు. 16 ఏళ్లలోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు అయిదేళ్లే కదా, వేసవి సెలవుల ముందు హడావిడిగా రెన్యూ చేయించి, అప్‌లోడ్ సంగతి వదిలేస్తారు. అది పూర్తయ్యే దాకా ప్రయాణానికి ఆటంకం లేదని కేంద్రం చెప్పింది, కాబట్టి కంగారుపడి టికెట్లు రద్దు చేసుకోవద్దు. అప్‌లోడ్ చేసిన రశీదు ప్రింట్ తీసుకుని దగ్గర ఉంచుకోండి.

2025 జనవరి నుంచి హైదరాబాద్‌లోనూ ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ ఉంది. ఓసీఐలకూ ఉచితమే. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, వేలిముద్రలు ఒకసారి ఇస్తే ఈ-గేటు గుండా వెళ్లిపోవచ్చు. తెల్లవారుజామున మూడు నాలుగు విమానాలు ఒకేసారి దిగినప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఈ నమోదు అయిదేళ్లకు లేదా పాస్‌పోర్టు గడువుకు, ఏది ముందైతే అప్పటికి ఆగిపోతుంది.

లోపలికొచ్చాక దేశీయ విమాన ఛార్జీలు, కోటల టికెట్లు భారతీయుల ధరకే. గోల్కొండలో 25 రూపాయలకూ 300 రూపాయలకూ తేడా ఈ కార్డే, కాబట్టి ఊరు తిరిగేటప్పుడు సంచిలో ఉంచుకోండి. అరుణాచల్ లాంటి రక్షిత ప్రాంతాలకు మాత్రం వేరే అనుమతి కావాలి. ఓటు లేదు. వ్యవసాయ భూమి కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. సెలవులకు వచ్చినప్పుడు నగర శివార్లలో ఫామ్ ప్లాట్లు చూపించి "ఓసీఐ ఉందిగా, ఫర్వాలేదు" అనేవాళ్లకు అడ్వాన్సు ఇవ్వకండి.