మెష్ రూటరు కొనేముందు జాగ్రత్త: 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై విడిగా ఇస్తుందో లేదో షాపులోనే తేల్చుకోండి

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మనవాళ్ళు చాలామంది ఈ మధ్య పాత రూటరు తీసేసి మెష్ రూటర్లు, అంటే ఇల్లంతా ఒకటే వై-ఫై అందేలా కలిసి పనిచేసే డబ్బాలు, పెట్టించుకుంటున్నారు. నేనూ అదే చేశా. తొమ్మిదిన్నర వేలు పోసి నెల రోజులు తిప్పలు పడ్డా. కంపెనీ పేరు, షాపు పేరు రాయట్లేదు. ఇదే తంతు ఇంకో డబ్బాలోనూ ఉండొచ్చు, పేరు చెప్తే మీరు ఆ ఒక్కటి వదిలేసి పక్కది కొంటారు.

మాది మున్నేకొలాలలో మూడో అంతస్తు. రూటరు హాల్లో ఉంటే వెనక బెడ్‌రూమ్‌లో వీడియో కాల్ తెగిపోయేది. మా ఆవిడకి ఇంటి నుంచే పని. సరేనని ఒక శనివారం ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డుకి వెళ్ళా. షాపతను మనవాడే, తెలుగులోనే మాట్లాడాడు. "ఇది 5జీ రూటరు సార్, ఇల్లంతా ఒకటే పేరు, ఫోన్ పట్టుకుని ఎక్కడ తిరిగినా కట్ అవ్వదు" అన్నాడు. సెల్ టవర్ 5జీకీ, రూటర్లో ఉండే 5 గిగాహెర్ట్జ్‌కీ చుట్టరికం లేదు. అమ్మేవాడికే ఆ తేడా తెలియదంటే అక్కడే వెనక్కి తిరగాల్సింది. వై-ఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రేడియో బ్యాండ్ల మీద నడుస్తుంది. డబ్బా మీద పెద్దక్షరాల్లో డ్యూయల్ బ్యాండ్ అని ఉంది కదా, 2.4 కూడా ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా.

ఉంది. ఉండీ లేనట్టే.

ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ పది నిమిషాల్లో ఎక్కేశాయి. వెనక గదిలో వీడియో కాల్ బెడద నిజంగానే పోయింది, అది ఒప్పుకోవాలి. రాత్రి గీజర్ స్మార్ట్ ప్లగ్ దగ్గర మొదలైంది అసలు కథ. ప్లగ్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే నీలం లైటు టకటకా కొట్టుకుంటుంది, ఫోన్లో చక్రం తిరుగుతూ 98 శాతం దాకా వెళ్ళి అక్కడే కూర్చుంటుంది. రెండు నిమిషాలయ్యాక "కనెక్ట్ కాలేదు". ఆ రాత్రి పదకొండు సార్లు చేశా. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ బాత్రూమ్ గుమ్మం దగ్గర నిలబడి చూసి చూసి, "స్విచ్చి వేస్తే పోయేదానికి ఇంత యాగీ ఎందుకురా" అని వెళ్ళి పడుకుంది.

మర్నాటికి తెలిసింది, గుమ్మం దగ్గరి కెమెరాకి కూడా వై-ఫై తెగిపోయింది, అది 2019లో కొన్నది. 2012 నాటి ప్రింటరు చిన్న తెర మీద ఒకటే మాట చూపిస్తోంది: ఫెయిల్డ్. పాప స్కూలు వర్క్‌షీట్ల కోసం మా ఆవిడ కింద జెరాక్స్ షాపుకి దిగడం మొదలైంది.

ఎందుకిలా అంటే, స్మార్ట్ ప్లగ్గులు, బల్బులు, చవక కెమెరాల్లో చాలావాటికి 2.4 తప్ప ఇంకోటి తెలియదు. లోపల ఈఎస్పీ8266 లాంటి చిన్న చిప్పులుంటాయి, వాటిలో 5 గిగాహెర్ట్జ్ రేడియోనే ఉండదు. అది తప్పేం కాదు. ఆన్, ఆఫ్ చెప్పడానికి వేగమెందుకు? పైగా 2.4 గోడలు దాటి దూరం వెళ్తుంది, చిప్పు చవక. కొత్త మెష్‌లు చాలావరకు రెండు బ్యాండ్లకీ ఒకటే పేరు పెట్టి, ఫోన్‌ని వీలైనంతవరకు 5 మీదికి తోస్తాయి. అప్పుడు ఫోన్ 5 మీద, ప్లగ్ 2.4 మీద. కొన్ని ఆప్‌లు ఫోన్ కూడా 2.4 మీద ఉంటేగాని ప్లగ్‌కి పాస్‌వర్డ్ అందించలేవు. పేరు ఒకటే కాబట్టి మన ఫోన్ దేని మీదుందో మనకి తెలియదు.

రెండో చిక్కు సెక్యూరిటీది. వై-ఫైకి తాళం వేసే పద్ధతుల్లో కొత్తది డబ్ల్యూపీఏ3, అది 2018లో వచ్చింది. అంతకుముందు వస్తువుల్లో చాలావాటికి దాని ముందుదైన డబ్ల్యూపీఏ2 వరకే తెలుసు. నా మెష్ రెండూ కలిపి పంపిస్తుంది. కొత్తవాటికి ఫరవాలేదు, కొన్ని పాతవి మాత్రం ఆ కలగూరగంప చూసి బెదిరిపోతాయి. పాత రూటర్లో అయితే సెట్టింగ్స్ తెరిచి రెండు బ్యాండ్లకీ చెరో పేరు పెట్టుకునేవాణ్ణి, సెక్యూరిటీ నాకు కావలసింది ఎంచుకునేవాణ్ణి. ఇందులో అంతా ఫోన్ ఆప్‌లోనే. పేరు, పాస్‌వర్డ్, పిల్లలకి టైమ్ లిమిట్. అంతే. విడదీసే మీట లేనే లేదు. నేను మోసపోయింది ఇక్కడే.

ఇక సాయం కోసం చేసిన ఫోన్ కాల్స్. రూటర్ కంపెనీ వాళ్ళు "మీ డివైస్ పాతది సార్" అన్నారు. ప్లగ్ వాళ్ళు "రూటర్ సెట్టింగ్ మార్చుకోండి" అన్నారు. షాపతను ఇద్దరికీ వత్తాసు పలికి, "ప్రింటరు పారేయండి సార్, ఇంకా ఎన్నేళ్ళు" అని సలహా ఇచ్చాడు. వాడి సొమ్మేం పోయింది.

ప్లగ్‌కి మాత్రం ఓ కిటుకు పనిచేసింది. 5 ఎక్కువ దూరం పోదు కాబట్టి, ప్లగ్ తీసుకుని మెట్లు దిగుతూ వెళ్ళా. కింద వాచ్‌మన్ గది బయట సాకెట్లో గుచ్చా. ఫోన్ అప్పటికి గత్యంతరం లేక 2.4కి దిగింది. వాచ్‌మన్ టీ గ్లాసు పట్టుకుని చూస్తుండగా ఒక్కసారికే ఎక్కేసింది. పైకి తెచ్చి గీజర్‌కి పెడితే మళ్ళీ అడగలేదు. కానీ గోడకి బిగించిన కెమెరానీ, పది కిలోల ప్రింటర్నీ మెట్ల మీద తిప్పలేం కదా, తిప్పినా ఆ డబ్ల్యూపీఏ గొడవ అలాగే ఉంటుంది.

అప్పుడు ఎనిమిది వందలిచ్చి ఒక టెక్నీషియన్ని పిలిపించా. జాగ్రత్త పడాల్సిన రెండో చోటు ఇది. పావుగంటలో అన్నీ ఎక్కించేశాడు, నేనూ మెచ్చుకున్నా. అతను వెళ్ళాక చూస్తే, గెస్ట్ నెట్‌వర్క్, అంటే ఇంటికొచ్చే చుట్టాలకి విడిగా ఇచ్చే వై-ఫై, తెరిచి, పాస్‌వర్డ్ తీసేసి, అన్నిటినీ అందులోకి తోశాడు! మా గుమ్మం కెమెరా ఉన్న నెట్‌వర్క్ పైనా కిందా ఫ్లాట్లందరికీ బార్లా తెరిచి ఉంది. ప్రింటర్‌ది ఇంకో వింత. వై-ఫై గుర్తు వెలుగుతోంది, ల్యాప్‌టాప్‌కి మాత్రం కనబడదు. గెస్ట్‌లో ఉన్నవి ఇంట్లోని మిగతావాటిని చూడకుండా రూటరు అడ్డుగోడ కడుతుంది, గెస్ట్ అంటేనే అది. ఎవరైనా మీ ఇంట్లో ఈ పని చేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపండి. మీ గెస్ట్‌ని 2.4కి మాత్రమే పరిమితం చేసి డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డ్ పెట్టగలిగితే ప్లగ్గులకీ బల్బులకీ అది మంచి దారే. ప్రింటర్‌కి పనికిరాదు.

చివరికి గట్టెక్కించింది అటక మీది పాత రూటరు. దాన్ని దించి, దుమ్ము దులిపి, మెష్ డబ్బా నుంచి ఒక లాన్ వైరు (నెట్‌వర్క్ కేబుల్) లాగి యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టా, అంటే వైరులో వచ్చిన నెట్‌ని వై-ఫైగా పంచడమే దాని పని. 5 ఆపేసి 2.4 ఒక్కటే ఉంచా. పేరు, పాస్‌వర్డ్ పాతవే, అక్షరం మార్చలేదు. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2. స్విచ్చి వేసి, కెమెరాకి ఆ పాత పేరు మళ్ళీ ఇస్తే వచ్చేసింది. గెస్ట్‌ని మూసేశా, ప్రింటర్లో ఆ పాత పేరే మళ్ళీ ఎంచుకుంటే ఒక్క దెబ్బకి ఎక్కింది. ల్యాప్‌టాప్‌కీ కనబడింది. మీ రూటర్లో ఆ మోడ్ లేకపోతే, ముందు దాని అడ్రసు మెష్‌తో తగలకుండా మార్చి, డీహెచ్‌సీపీ (వస్తువులకి అడ్రసులు పంచే పని) ఆపేసి, వైరుని బయటి ఇంటర్నెట్ కోసం ఉండే వాన్ రంధ్రంలో కాకుండా లాన్‌లో గుచ్చండి, అదే పని జరుగుతుంది. అందుకే పాత రూటర్ని ఎక్స్ఛేంజ్‌లో మూడొందలకి ఇచ్చేయకండి. నేను ఇవ్వబోయి ఆగా, అదృష్టం.

కొనబోయేవాళ్ళు షాపులోనే ఆ మోడల్ ఆప్ తెరిచి చూపించమనండి. 2.4కి వేరే పేరు పెట్టే చోటు, లేదా కాసేపు 5 ఆపే మీట, డబ్ల్యూపీఏ2 ఎంచుకునే చోటు కళ్ళతో చూడాలి. "అప్‌డేట్‌లో వస్తుంది సార్" అంటే రాదని లెక్క. ఇంటర్నెట్ వాళ్ళిచ్చే డబ్బాతో సరిపెట్టుకునేవాళ్ళు సెట్టింగ్స్ తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్ మీ చేతికిస్తారా అని ముందే అడగండి. ప్లగ్గులు, బల్బులు కొనేటప్పుడు డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో 2.4 అని ఉంటుంది, అది చదవండి. తెరిచాక వాపస్ తీసుకుంటారో లేదో బిల్లు మీదే రాయించుకోండి. నేను రాయించుకోలేదు. సీలు తీశారు కాబట్టి కుదరదన్నాడు షాపతను. 1915కి, అదే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు పెట్టాక కాస్త దిగొచ్చి, రెండున్నర వేలు కోసుకుని వేరేది ఇస్తానంటున్నాడు. నేనింకా ఒప్పుకోలేదు, బేరం నడుస్తోంది.

బేరం తెగకపోతే మెష్ సెట్టు అమ్మేస్తా. మున్నేకొలాల చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఇంట్లో ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ టీవీ తప్ప ఇంకేమీ లేనివాళ్ళకి మాత్రమే.