జాగ్రత్త: పాత పికప్‌కు 'లైఫ్‌టైమ్ స్టెయిన్‌లెస్' సైలెన్సర్ కట్టిస్తున్నారా? పైసలిచ్చే ముందు ఇది చదవండి

ఏపీ 22, ఏపీ 24 నంబరు ప్లేట్లతో ఇంకా తిరుగుతున్న పికప్పులు పాలమూరు, నల్గొండ వైపు చాలానే ఉన్నాయి. బత్తాయి, పత్తి, వడ్లు, ఏ కిరాయి దొరికితే అది మోస్తున్నాయి. వాటి కంపెనీ సైలెన్సర్లు తుప్పుపట్టి ఊడే వయసుకొచ్చాయి. కొన్ని పాత మోడళ్ళకు ఒరిజినల్ పార్టు అడిగిన రోజే దొరకదు. అందుకే 65వ, 44వ నంబరు హైవేల పక్క వెల్డింగ్ షెడ్లలో "304 స్టెయిన్‌లెస్, ఫ్రీ ఫ్లో, జిందగీల తుప్పు పట్టదు, మైలేజీ కూడా పెరుగుతది" అనగానే ఒప్పేసుకుంటున్నారు. 304 అంటే స్టెయిన్‌లెస్ స్టీలు రకం నంబరు, ఫ్రీ ఫ్లో అంటే లోపల పొగకు అడ్డు తక్కువుండే సైలెన్సర్. అట్లా కట్టిన ఒక 2.5 లీటర్ల టర్బో డీజిల్ బండి పైపును ఈమధ్య దించి చూస్తే బయటపడ్డ సంగతులివి. దుకాణం పేరు ఇక్కడ అనవసరం, ఇదే పద్ధతి చాలాచోట్ల నడుస్తోంది.

మొదట పైపు సంగతి. అది 304 కాదు, ఇళ్ళ మెట్లకు రెయిలింగ్ కొట్టే 202 రకం. అయస్కాంతం పెట్టి "చూడన్నా, అంటుకోలేదు" అని చూపిస్తారు. 202కు కూడా అయస్కాంతం అంటుకోదు. పైగా కంపెనీ సైలెన్సర్లలో వాడే 409 రకానికి అయస్కాంతం బాగానే అంటుకుంటుంది, అయినా అది ఈ పనికి మంచి స్టీలే. కాబట్టి ఆ పరీక్షను నమ్మొద్దు. స్టీల్ దుకాణాల్లో 9 వోల్టుల బ్యాటరీతో వాడే చుక్కల మందు దొరుకుతుంది, 202 మీద ఎర్రబడుతుంది. అది లేకపోతే కనీసం మందం చూడండి. 2 అంగుళాల పైపు మీటరు ముక్కను కాంటా మీద పెట్టించండి. 1.5 మిల్లీమీటర్ల మందమైతే 1.8 కిలోల దాకా తూగుతుంది. కిలోన్నర దగ్గరే ఆగితే అది 1.2 మిల్లీమీటర్ల రెయిలింగ్ పైపు. డీజిల్ బండి అదురుకు అది వెల్డింగ్ పక్కనే చీలుతుంది.

అంతకంటే ఖరీదైన తప్పు ఫ్లెక్సిబుల్ ముక్క తీసేయడం. బయట జాలీ అల్లినట్టు ఉండే ఆ ముక్కను "దానితో పని లేదు, లీకేజీకి అదే కారణం" అని కోసేసి, టర్బో ఫ్లాంజ్ (పైపును టర్బోకు బోల్టులతో బిగించే పట్టీ) నుంచి వెనకదాకా ఒకే గట్టి పైపు వెల్డ్ చేశారు. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. స్టార్ట్ చేసినా, బంద్ చేసినా, లోడుతో క్లచ్ వదిలినా పక్కకు ఊగుతుంది. సైలెన్సర్ మాత్రం చాసిస్‌కు వేలాడుతుంది. ఈ రెండింటి మధ్య ఊగే ముక్క లేకపోతే ఆ ఊపంతా టర్బో ఫ్లాంజ్ మీదే పడుతుంది. దానికితోడు వేడి. రెండున్నర మీటర్ల స్టెయిన్‌లెస్ పైపు సగటున 200 డిగ్రీలు వేడెక్కితే 8 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. మామూలు ఇనుప పైపైతే 6 దగ్గర ఆగుతుంది. సాగిన పైపుకు పోవడానికి చోటు లేక ఆ బండికి ముందు స్టడ్లు (ఫ్లాంజ్ బిగించే బోల్టులు) తెగాయి, తర్వాత ఫ్లాంజ్ చెవి పగిలింది. పైపు పనికిచ్చిన డబ్బు కంటే టర్బో హౌసింగ్ పని ఎన్నో రెట్లు పడుతుంది. ఫ్లెక్సిబుల్ 6 నుంచి 8 అంగుళాలుండాలి, లోపల లైనర్ (లోపలి గొట్టం పొర) ఉన్నదే కావాలి. మొదటి హ్యాంగర్ (పైపును చాసిస్‌కు వేలాడదీసే కొక్కెం) కంటే ముందు, ఇంజిన్‌కు దగ్గరగా, వంకర లేకుండా తిన్నగా కూర్చోవాలి. పైపు కొలత తప్పితే సరిచేయడానికి దాన్ని వంచి బిగించే మేస్త్రీలున్నారు. అట్లా బిగిస్తే ఎక్కువ రోజులు నిలవదు.

తర్వాత గ్యాప్. షెడ్డులో ఖాళీ బండి కింద అన్నీ దూరంగానే కనిపిస్తాయి. టన్ను లోడు ఎక్కాక కమాన్ కట్టలు దిగి, యాక్సిల్ పైకొచ్చి, దాని మీదుగా పోయే పైపును గుంత గుంతకూ కొడుతుంది. కొలిస్తే లోడు మీద కొలవాలి, లేదా యాక్సిల్‌ను బంప్ రబ్బరు తగిలేదాకా జాకీతో లేపి చూడాలి. అప్పుడు కూడా చుట్టూ అంగుళం ఖాళీ ఉండాలి. స్టెప్నీ, వెనక బ్రేకు పైపు దగ్గర ఇంకా ఎక్కువ. మామూలు డాట్ 3 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు గానీ, తేమ పట్టిన పాత ఆయిల్ 140కే మరుగుతుంది, పక్కనే పొగ పైపు వేడి తగిలితే ఆ ప్రమాదం ఉంది. మన్ననూరు దాటి నల్లమల దిగేటప్పుడు పెడల్ మెత్తబడితే ఏమవుతుందో డ్రైవర్లకు చెప్పనక్కర్లేదు. డీజిల్ లైనుకు 35 మిల్లీమీటర్ల లోపు పొగ పైపు ఉండకూడదని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోనే ఉంది. పొగ వెనక్కి గానీ కుడివైపు గానీ పోవాలి, కిందికీ ఎడమకూ పోకూడదు. అందం కోసం ఎడమవైపు నుంచి వంచి తీసిన పైపులు ఫిట్‌నెస్‌లో అందుకే తిరిగొస్తున్నాయి.

పత్తి, వరిగడ్డి మోసేవాళ్ళు దీన్ని మరీ మరీ చూసుకోవాలి. కంపెనీ పైపుకూ బాడీ చెక్కలకూ మధ్య ఒక రేకు ఉంటుంది, హీట్ షీల్డ్. అడ్డమొస్తుందని దాన్ని విప్పి పక్కన పడేస్తారు. నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు పైపులోని పొగ 400 డిగ్రీలు దాటుతుంది. చెక్కల సందుల్లోంచి జారిన పత్తి, గడ్డి ఆ పైపు మీదే పడుతుంది. రేకు తిరిగి బిగించకుండా బండి తీసుకోవద్దు.

వెల్డింగ్ చేసే తీరు కూడా దగ్గరుండి చూడండి. పైపును బండి మీద చుక్క చుక్కగా ట్యాక్ వేసి, దించి, బల్ల మీద చుట్టూ వెల్డ్ చేయాలి. కిందపడుకుని బండి మీదే చుట్టేస్తే పై సగం అందక సందులు మిగులుతాయి. ట్యాక్ వేసే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి, కామన్ రైల్ (ఎలక్ట్రానిక్ డీజిల్ పంపిణీ) బండైతే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కనెక్టరు కూడా. వెల్డింగ్ మిషన్ ఎర్త్ క్లాంపు వెల్డ్ చేసే పైపుకే పెట్టాలి. ఎక్కడో చాసిస్ చివర తగిలిస్తే కరెంటు బేరింగుల్లోంచి దారి వెతుక్కుంటుంది. ఇనుప ఫ్లాంజ్‌కు స్టెయిన్‌లెస్ పైపు అతికించాలంటే 309 రాడ్డు వాడాలి. గేట్లకు వాడే మామూలు రాడ్డుతో అతికిస్తే ఆ అతుకే ముందు తుప్పుపడుతుంది. గ్యాస్కెట్లు కొత్తవే వేయించండి. పాత స్టడ్లకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచితే తెగకుండా వస్తాయి. హ్యాంగర్లన్నీ తగిలించి, పైపు తన బరువుకు కుదురుకున్నాక ఫ్లాంజ్ బోల్టులు చివర బిగించాలి.

మైలేజీ మాట నమ్మొద్దు. 70 హెచ్‌పీ లోపు ఇంజిన్‌కు 2, మహా అయితే రెండుంపావు అంగుళాల పైపు చాలు. 3 అంగుళాలు వేస్తే మోత పెరుగుతుంది, బలం రాదు. ఫ్రీ ఫ్లో డబ్బాలో కుక్కే గ్లాస్ ఊల్ (గాజు దూది) డీజిల్ మసికి కొన్నాళ్ళకే ఎగిరిపోతుంది, అప్పుడు మోత ఇంకా ఎక్కువ. పొగ, శబ్దం హద్దు దాటితే మోటారు వాహన చట్టం 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా, లైసెన్సు 3 నెలలు పోవడం కూడా ఉంది. పొగ పరీక్షలో బీఎస్ 4 (భారత్ స్టేజ్ 4 కాలుష్య ప్రమాణం) డీజిల్‌కు హద్దు 50 యూనిట్లు, అంతకుముందు బండ్లకు 65.

"పాతది మాకు వదిలెయ్యండి, కొంత తగ్గిస్తం" అంటే మాత్రం ఆగండి. మీ పాత పైపులో క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులు తగ్గించే డబ్బా) ఉంటే అందులో ప్లాటినం జాతి లోహాలున్నాయి, తుక్కు ధరకు వదిలేది కాదు. దాన్ని పీకేసి ఖాళీ పైపు పెట్టడం చట్టరీత్యా తప్పు కూడా. అది బాగుంటే కొత్త పైపులో అదే తిరిగి పెట్టమనండి.

ఇప్పటికే కట్టించుకున్నవాళ్ళు రేపు పొద్దున చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి, వెనక పైపుకు గుడ్డ అడ్డుపెట్టి కొన్ని క్షణాలు వినండి, అతుకుల మీద సబ్బు నీళ్ళు కొట్టండి. బుడగలొచ్చినా, నల్లటి మసి గీతలు కనిపించినా లీకే. డబుల్ క్యాబిన్ బండైతే ఆ పొగ మనుషులున్న చోటికే వస్తుంది, కిరాయి ఆపైనా ముందు సరిచేయించండి.

కొత్తగా చేయించేవాళ్ళు బిల్లు మీద స్టీలు రకం, మందం, ఫ్లెక్సిబుల్ కొత్తదా పాతదా, గ్యారంటీ ఎన్ని నెలలు, ఇవన్నీ రాయించుకోండి. మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లా వినియోగదారుల కమిషన్లకు పోవచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. కిరాయి బండి అని వ్యాపారం కింద తోసేస్తారన్న భయం వద్దు, బండి మీదే బతికే సొంత ఉపాధి మనిషిని చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది. పగిలిన ఫ్లాంజ్‌ను బాగు చేయించే ముందే ఫొటోలు తీసుకోండి, కోసిన పైపు ముక్కను పారేయొద్దు, ఫోన్‌పే చేసిన రసీదు చెరిపేయొద్దు.