మార్కుతో మీకేం పని? పీహెచ్‌డీకి ఎడ్యుకేషన్ కాలేజీ మేలా, స్టాటిస్టిక్సా, ఎకనామిక్సా

ఏటా సెప్టెంబరు దాటితే చాలు, ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్ చేసినవాళ్లు, బీటెక్ తర్వాత ఏదో ఎన్జీవోలో బడుల డేటా చూసినవాళ్లు, బీఈడీ చేసి లెక్కలు చెబుతున్నవాళ్లు అడుగుతుంటారు: "చదువుల మీద అంకెలతో పరిశోధన చెయ్యాలనుందండీ. అమెరికాలో పీహెచ్‌డీకి ఎడ్యుకేషన్ కాలేజీలోని క్వాంటిటేటివ్ మెథడ్స్ ప్రోగ్రాం మేలా, స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంటు మేలా, ఎకనామిక్సా?" జీఆర్ఈ, టోఫెల్, రికమండేషన్ లెటర్ల సంగతి మీకు తెలిసిందే కాబట్టి వాటి జోలికి పోను.

ర్యాంకింగులు ముందేసుకుని కూర్చుంటే ఈ మూడింటి మధ్య తేడా ఎప్పటికీ తేలదు. నా లెక్కలో తేల్చేది ఒక్కటే: పిల్లవాడికి వచ్చిన మార్కుతో మీకేం పని? ఆ మార్కు సరైనదేనా అని అడగాలనుంటే ఎడ్యుకేషన్ కాలేజీకి వెళ్లండి. ఆ మార్కు ఏం చేస్తే పెరిగింది అని అడగాలనుంటే ఎకనామిక్స్‌కి. మార్కైనా, రక్తపోటైనా, వానైనా ఒకటే, దాన్ని విశ్లేషించే పద్ధతి మీదే మీ మనసుంటే స్టాటిస్టిక్స్‌కి.

మొదటి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ మన ఇళ్లలో ఏటా దాని మీదే గొడవ. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) గానీ, జేఈఈ మెయిన్ గానీ షిఫ్టుల్లో జరుగుతాయి. పొద్దున పేపరు కష్టంగా వచ్చింది, మధ్యాహ్నం వాళ్లకి సులువుగా ఇచ్చారు అని తల్లిదండ్రుల ఆవేదన. జేఈఈ మెయిన్‌కి ఎన్‌టీఏ 2019 నుంచి పర్సంటైల్ లెక్క వాడుతోంది: మీ షిఫ్టులో మీతో సమానంగానో, మీకంటే తక్కువో తెచ్చుకున్నవాళ్లు నూటికి ఎందరు అని. ఈ లెక్కకు ఆధారం ఒక నమ్మకం. రెండు షిఫ్టుల్లో కూర్చున్న పిల్లల స్థాయి మొత్తం మీద ఒకటేనన్నది. లక్షలాది మందిని ఏ పక్షపాతం లేకుండా షిఫ్టులకు పంచితే ఆ నమ్మకం నిలుస్తుంది. ఒక షిఫ్టులో తక్కువమంది ఉన్నా, ఒక ఊరివాళ్లంతా ఒకే పూట పడినా సడలుతుంది. ఇంకో దారి ఉంది. రెండు పేపర్లలోనూ కొన్ని ఉమ్మడి ప్రశ్నలు పెడితే, పేపరు కష్టం ఎంత, పిల్లల స్థాయి ఎంత అన్నవి విడదీయొచ్చు. దీన్నే ఈక్వేటింగ్ అంటారు. కానీ ఉమ్మడి ప్రశ్నల్ని పొద్దున రాసినవాళ్లు బయటికొచ్చి వాట్సాప్‌లో పెడితే? ఎన్ని ప్రశ్నలు ఉమ్మడిగా ఉంటే చాలు? వాటిలో ఒకటి మిగతా వాటితో పొంతన లేకుండా ప్రవర్తిస్తే తీసేయాలా, ఉంచాలా? ఎడ్యుకేషన్ కాలేజీలోని మెజర్‌మెంట్ (పరీక్ష దేన్ని ఎంత సరిగ్గా కొలుస్తోందో చూసే శాస్త్రం) విద్యార్థి సెమిస్టర్లకు సెమిస్టర్లు తలబద్దలు కొట్టుకునేది వీటి మీదే.

ఇంకొకటి చూడండి. రుణ సంఖ్యల మీద ఒక ప్రశ్న: లిఫ్టు రెండో అంతస్తు నుంచి నాలుగు అంతస్తులు కిందికి దిగితే ఏ సెల్లార్‌లో ఆగుతుంది? హైదరాబాద్ అపార్ట్‌మెంటులో పెరిగిన పిల్లకు ఇందులో లెక్క మాత్రమే ఉంది. లిఫ్టు ఎక్కని పిల్లకు, సెల్లార్ చూడని పిల్లకు లెక్కకు ముందు ఇంకో గడప దాటాల్సి ఉంది. ఇద్దరికీ లెక్కల్లో ఒకే సత్తా ఉండి, ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఒకరే వెనకబడుతుంటే దాన్ని పట్టుకునే పద్ధతులున్నాయి. జీఆర్ఈ, టోఫెల్ నడిపే ఈటీఎస్ సంస్థలో హాలండ్, థేయర్ 1988లో ఈ పనికి మలిచిన మాంటెల్-హెంజెల్ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంటులోనూ ఆ పద్ధతి నేర్పుతారు, కానీ లిఫ్టు గురించి అడిగేవాళ్లు అక్కడ అరుదు.

ఎకనామిక్స్‌ను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. చదువుల మీద మన నేలపై జరిగిన గట్టి పరిశోధనల్లో ఒకటి అటు నుంచే వచ్చింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 300 ప్రభుత్వ గ్రామీణ ప్రాథమిక పాఠశాలలు తీసుకుని, లాటరీ పద్ధతిలో వందేసి చొప్పున మూడు గుంపులుగా విడగొట్టారు. ఒక వందలో పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు విడివిడిగా బోనస్, ఇంకో వందలో బడి మొత్తానికి బోనస్, మిగతా వందలో ఏమీ లేదు. 2011లో అచ్చయిన ఫలితం ప్రకారం, రెండేళ్ల తర్వాత బోనస్ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 స్టాండర్డ్ డీవియేషన్ల (పిల్లల మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేర ముందున్నారు. వాళ్లు పరీక్షలోనే బట్టీ పట్టి రాయగల ప్రశ్నల్నీ, అర్థమైతేనే రాయగల ప్రశ్నల్నీ వేరు చేసి చూశారు. మార్కు మీద అంత శ్రద్ధ అన్ని ఎకనామిక్స్ పేపర్లలోనూ కనబడదు. విధానాలు మార్చాలన్న తపన మీకుంటే ఇదే మీ దారి. మొదటి ఏడాది మైక్రో, మాక్రో సిద్ధాంతాలు మాత్రం తప్పవు, వాటిలో బడి ఊసే ఉండదు.

స్టాటిస్టిక్స్‌కి రెండు బలాలు. పట్టా ఎక్కడైనా చెల్లుతుంది. డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ క్లాసులు బోలెడు కాబట్టి టీచింగ్ అసిస్టెంట్‌షిప్‌లూ దొరుకుతాయి. చదువుల మీద ఆసక్తి కొంచెమే ఉన్నవాళ్లకు ఇది సురక్షితం.

నేను స్టాటిస్టిక్స్ చదివి మెజర్‌మెంట్ వైపు వచ్చినదాన్ని, నా మొగ్గు అటే. కారణం చెబుతాను. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2005 నుంచి ఉంది, ఎన్‌సీఈఆర్‌టీలో పరఖ్ అనే మూల్యాంకన కేంద్రం వచ్చి 2024 డిసెంబరులో దేశవ్యాప్త సర్వే చేసింది, రాష్ట్రాల పరీక్షలు సరేసరి. మార్కులు వాడేవాళ్లకు మనకు కొదవ లేదు. ఆ మార్కు ఎంతవరకు నమ్మొచ్చో చెప్పగలిగినవాళ్లు కావాలి. తెలుగు మీడియం పిల్ల ఇంగ్లిష్ పేపరు రాసినప్పుడు మనం కొలిచింది సైన్సునా, ఇంగ్లిష్‌నా అని పట్టుబట్టి అడిగేవాళ్లు కావాలి.

అయితే ఎడ్యుకేషన్ కాలేజీ ప్రోగ్రాములన్నీ ఒకటి కావు. బోస్టన్ కాలేజీలో టిమ్స్ (లెక్కలు, సైన్సు), పిర్ల్స్ (చదవడం) అంతర్జాతీయ పరీక్షల కేంద్రమే ఉంది. యూమాస్ ఆమ్‌హర్స్ట్, అయోవా పరీక్షల తయారీకి పేరు మోసినవి. ఇంకొన్ని చోట్ల పేరులో "క్వాంటిటేటివ్ మెథడ్స్" ఉన్నా ఎక్కువ పని మల్టీలెవెల్ మోడళ్ల (పిల్లలు, తరగతి, బడి అన్న అంచెల్ని కలిపి చూసే లెక్కలు) మీద, కారణాలు తేల్చే పద్ధతుల మీద సాగుతుంది. వెబ్‌సైట్ చదివితే ఇది తెలియదు. మీకు నచ్చిన ప్రొఫెసర్ ఈమధ్య రాసిన మూడు పేపర్లు తెరిచి, మార్కు ఎక్కడుందో చూడండి. సమీకరణంలో ఎడమవైపు ఒక అక్షరంగా నిలబడి, ఎలా వచ్చిందో ఒక్క పేరాలో తేలిపోయిందా, లేక పేపరంతా ఆ మార్కు గురించేనా? మీ ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే దరఖాస్తు వ్యాసం) మొదటి పేరా దాన్నిబట్టే రాయాలి.

ఈడీడీ (డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్) ఇప్పటికే బడుల్లో, ఆఫీసుల్లో పెద్ద బాధ్యతల్లో ఉన్నవాళ్ల కోసం. ఫీజు చాలావరకు చేతి నుంచే. ఇండియాలోనే ఉండాలనుకుంటే నెట్, జేఆర్ఎఫ్ దారి ఉంది, 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. కాకపోతే మెజర్‌మెంట్‌నే ప్రధానంగా నేర్పే డాక్టొరల్ ప్రోగ్రాములు తక్కువ, గైడు దొరకడాన్నిబట్టి ఉంటుంది.

ఇక డబ్బు. అమెరికా విద్యాశాఖ కింద ఐఈఎస్ సంస్థ ఇచ్చే ప్రీడాక్టొరల్ ఫెలోషిప్‌లు అమెరికా పౌరులకూ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ మాత్రమే. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వెళ్లేవాళ్లు ఆ పేరు చూసి ఆశపడొద్దు. 2025 ఫిబ్రవరిలో ఆ సంస్థ కాంట్రాక్టులు చాలావాటిని రద్దు చేశారు కాబట్టి, ప్రొఫెసర్ ప్రాజెక్టు డబ్బు ఎక్కడిదో మర్యాదగా అడగడంలో తప్పులేదు. చదువయ్యాక ఈటీఎస్‌లోనో, మన డాక్టర్లు రాసే యూఎస్ఎంఎల్ఈ తయారీలో ఉన్న ఎన్‌బీఎంఈలోనో సైకోమెట్రీషియన్ (పరీక్షల కొలతలు చూసే నిపుణుడు) ఉద్యోగాలుంటాయి. చదువయ్యాక అక్కడ పనిచేయాలంటే ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద వేసే సీఐపీ కోడ్, అంటే చదివే సబ్జెక్టు కోడ్, ముఖ్యం. విద్యా గణాంకాలు, పరిశోధన పద్ధతులకు వేసే 13.0603 స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంది, 12 నెలల ఓపీటీకి (చదువయ్యాక పనిచేసే అనుమతికి) మరో 24 నెలలు కలుస్తాయి. ఒకే రకం ప్రోగ్రాముకు ఒక్కో యూనివర్సిటీ ఒక్కో కోడ్ వేస్తుంది, ఆఫర్ ఒప్పుకునే ముందే ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. అదే ఈమెయిల్‌లో స్టైపెండ్ తొమ్మిది నెలలకేనా, వేసవికి కూడానా అని కూడా అడగండి.