కుక్కను ట్రైలర్‌లో వదిలి వెళ్లేవాళ్లూ, ఆ టెంపరేచర్ అలర్ట్ డబ్బాతో జాగ్రత్త

అరిజోనాలో ఉంటూ కుక్కతో ట్రైలర్‌లో (కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు) వీకెండ్ ట్రిప్పులు తిరిగేవాళ్లు ఎవరైనా "పెట్ టెంపరేచర్ మానిటర్", అంటే లోపల వేడి పెరిగితే ఫోన్‌కి మెసేజ్ పంపే డబ్బా, కొనబోతుంటే, కార్డు తీసే ముందు ఇది చదవండి. రీఫండ్ గొడవ ఇంకా తెగలేదు కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. పేరు తెలిసినా పెద్ద ఉపయోగం లేదు. ఏ బ్రాండు కొన్నా ముందు అడగాల్సింది ఒకటే: కరెంటు పోతే ఈ డబ్బా ఏం చేస్తుంది?

మేం ఉండేది ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. మా లడ్డు ఏడేళ్ల లాబ్రడార్. ఇక్కడి ఎండాకాలం సంగతి మీకు తెలిసిందే. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్ (దాదాపు 43 సెల్సియస్), ఆపైనే ఉంది. పొద్దున ఐదింటికి వాకింగ్ అయిపోవాలి, లేకపోతే తారు రోడ్డు మీద దాని పాదాలు బొబ్బలెక్కుతాయి. 100 డిగ్రీలకి చేరితే ఫీనిక్స్ సిటీ ట్రెయిల్స్ మీదకి కుక్కల్ని రానివ్వరు. అందుకే శని, ఆదివారాలు వస్తే కాస్త వేడి తక్కువుండే ఉత్తరానికి పరుగు.

జూన్‌లో ఒంగోలు నుంచి అమ్మానాన్న వచ్చారు. అమ్మ ఏదో వీడియోలో యాంటిలోప్ కాన్యన్ చూసింది. "ఆ ఎర్ర రాళ్ల మధ్య వెలుతురు పడేది ఎక్కడరా?" అని రోజూ అడిగేది. అది పేజ్ అనే ఊరి పక్కన, నవాహో అనే అమెరికన్ ఆదివాసుల భూమిలో ఉంది. వాళ్ల గైడ్ లేకుండా లోపలికి వెళ్లనివ్వరు, కుక్కల్ని అసలే రానివ్వరు. చాండ్లర్ నుంచి దాదాపు 300 మైళ్లు. లడ్డును కుక్కల హాస్టల్‌లో పెడదామంటే అమ్మే ఒప్పుకోలేదు. వచ్చిన కొత్తలో వంటగది గడప దాటనివ్వని మనిషే, రెండో వారానికి "నోరులేని జీవాన్ని ఎక్కడో వదిలేసి మనం షికార్లు తిరుగుతామా?" అనే దాకా వచ్చింది.

చిన్న ట్రైలర్ అద్దెకు తీసుకున్నాం. పేజ్‌లో ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు ఉన్న సైట్ (ట్రైలర్ నిలుపుకునే చోటు) బుక్ చేశాం. కాన్యన్‌కి వెళ్లిన రెండు మూడు గంటలు లడ్డు ఏసీలో పడుకుంటుంది, డబ్బా దాన్ని కనిపెట్టుకుని ఉంటుంది. ఇదీ ప్లాన్. డబ్బా 189 డాలర్లు, ఏడాది చందా ఇంకో 120. "వైఫై అక్కర్లేదు, సిమ్ లోపలే ఉంది, వేడి పెరిగిన నిమిషంలోనే మీ ఫోన్‌కి మెసేజ్" అని పేజీ నిండా రాశారు. ఏప్రిల్‌లో డిస్కౌంట్ ఉందని అప్పుడే కొనేశాను. ఈ తొందరే తర్వాత కొంప ముంచింది.

ఆ రోజు మా టూర్ పదకొండున్నరకి. పైనుంచి వెలుతురు గీతలా దిగేది మధ్యాహ్నం ప్రాంతంలోనే కాబట్టి ఆ టైమే తీసుకున్నాం. 80 డిగ్రీలు దాటితే మెసేజ్ రావాలని పెట్టి, గిన్నెలో నీళ్లు పోసి, 10:50కి బయల్దేరాం. బయట అప్పటికే 93. ఇసుకలో జీపు కుదుపులకి నాన్న నడుము ఒప్పుకోదు, అందుకని ఆయన టూర్ ఆఫీసు దగ్గరే కూర్చున్నారు. కాన్యన్ లోపల సిగ్నల్ ఉండదని తెలుసు కాబట్టి డబ్బా యాప్ పెట్టిన మా ఆవిడ ఫోన్ ఆయన చేతికిచ్చాను. "ఇది గట్టిగా మోగితే ఈ నంబర్‌కి కొట్టండి నాన్నా" అని క్యాంప్‌గ్రౌండ్ ఆఫీసు నంబర్ చూపించాను. ఇంతకన్నా జాగ్రత్త ఏముంటుంది అనుకున్నాను.

మేం బయటికొచ్చి ఆయన దగ్గరికి చేరేసరికి ఒంటి గంట కావస్తోంది. నాన్న చేతిలో ఫోన్ అలాగే ఉంది. ఫుల్ సిగ్నల్. "ఏమీ మోగలేదురా" అన్నారు. మేం కారెక్కుతుండగా 12:58కి మోగింది. "లోపల 84 డిగ్రీలు."

పన్నెండు నిమిషాల్లో ట్రైలర్ దగ్గరికి వచ్చాం. పక్క సైట్‌లో టెక్సస్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మా ఏసీ చప్పుడు ఆగిపోయిందని, లోపల కుక్క అదే పనిగా మొరుగుతోందని వచ్చి చూస్తే మా సైట్ కరెంటు బాక్సులో బ్రేకర్ పడిపోయి ఉందట. పన్నెండు దాటాక పైకెత్తాడట. పది నిమిషాల్లో మళ్లీ పడిపోయింది. మళ్లీ ఎత్తి, ఈసారి అక్కడే కూర్చున్నాడు. తలుపు తీస్తే లడ్డు నేల మీద పొట్ట ఆనించి, నాలుక ఇంత పొడుగు బయటపెట్టి రొప్పుతోంది. గిన్నె ఖాళీ. తోక మాత్రం రెండుసార్లు నేలకేసి కొట్టింది. అమ్మ అక్కడే కూలబడి దాని తల ఒళ్లో పెట్టుకుంది. చీరంతా చొంగ, పట్టించుకోలేదు.

పాదాలకీ పొట్టకీ మామూలు నీళ్లు పోసి ఫ్యాన్ పెట్టాం. ఐసు నీళ్లు పోయొద్దని ఆ పెద్దాయనే చెప్పాడు. ఆయన దగ్గర థర్మామీటర్ కూడా ఉంది. 103.6 చూపించింది. కుక్కలకి మామూలుగా 101 నుంచి 102.5 ఉండాలి. గంటలో దిగింది. ఇప్పుడు బాగానే ఉంది, సోఫా మీద నా చోటు ఆక్రమించి పడుకుంది.

అసలు ఏం జరిగిందో యాప్ రికార్డులో చూశాం. 11:14కి కరెంటు పోయింది. అప్పుడు లోపల 76. 11:31కి 82, 12:05కి 91. అంటే డబ్బా వేడిని సరిగ్గానే కొలిచింది, చెప్పడం మాత్రం చెప్పలేదు! 91 ఉన్నప్పుడు నోరు మెదపకుండా, పెద్దాయన పుణ్యమా అని ఏసీ మళ్లీ నడిచి చల్లబడుతున్నప్పుడు 84 అని మెసేజ్ పంపింది. కస్టమర్ సర్వీస్‌ని నిలదీస్తే విషయం బయటపడింది. ప్లగ్ నుంచి కరెంటు ఆగగానే డబ్బా బ్యాటరీ మీదకి మారి పొదుపు మోడ్‌లోకి వెళ్తుందట. మా చందాలో ఆ మోడ్‌లో రెండు గంటలకి ఒక్కసారే కబురు. "కరెంటు పోయింది" అని వెంటనే చెప్పే అలర్ట్ కావాలంటే పై ప్లాన్ కట్టాలట. ఏసీ ఆగేదే కరెంటు పోయినప్పుడు కదండీ, అప్పుడే నిద్రపోయే కాపలావాడు ఎవరికి కావాలి?

ఇంకో తమాషా. అమెరికాలో చాలాచోట్ల ఎండాకాలానికి గడియారం గంట ముందుకి జరుపుతారు. అరిజోనా అలా మార్చదు, నవాహో వాళ్ల ప్రాంతం (నవాహో నేషన్) మారుస్తుంది. అక్కడ ఫోన్ల టైము గంట అటూ ఇటూ గెంతుతూ ఉంటుంది. ఆ తేడా పట్టుకుని "అలర్ట్ 11:58కే వెళ్లింది సార్" అని వాదించారు. నాన్న దగ్గరున్న మా ఆవిడ ఫోన్ స్క్రీన్‌షాట్ పంపాక ఆ మాట ఆపేశారు. రీఫండ్ అడిగితే కొని 30 రోజులు దాటిందన్నారు. చందా వెనక్కివ్వరట, మూడు నెలలు ఫ్రీగా పొడిగిస్తారట. ఒక్క స్టార్ ఇచ్చి రివ్యూ రాస్తే, అది మారిస్తే గిఫ్ట్ కార్డ్ ఇస్తామని మెయిల్ పెట్టారు. మార్చలేదు.

నా తప్పు కూడా చెప్పాలి. ట్రైలర్‌కి వచ్చేది 30 ఆంప్స్. ఏసీకి సుమారు 13, గీజర్ కరెంటు మీద పెడితే 12, ఫ్రిజ్‌కి మూడు, మిగతా చిల్లర లోడు కలిపితే అంచు దాటుతుంది. బయల్దేరే ముందు అమ్మ గిన్నెలన్నీ వేడినీళ్లతో కడిగింది, గీజర్ ఆన్ అయింది. ఎండలో కాలిన బ్రేకర్ ఎంతసేపు ఆగుతుంది? గీజర్, ఫ్రిజ్ రెండూ గ్యాస్ మీదకి మార్చి ఉంటే కరెంటు పోయేదే కాదేమో. అద్దెకిచ్చినవాళ్లు ఈ ముక్క చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పటికే కొన్నవాళ్లు ఈరోజే ఇంట్లో ఒక పని చేయండి. డబ్బాని గోడ ప్లగ్ నుంచి పీకేసి, హెయిర్ డ్రైయర్‌తో వేడి చేసి, ఫోన్ ఎన్ని నిమిషాలకి మోగుతుందో గడియారం పెట్టి చూడండి. ఐదు నిమిషాలు దాటితే వెంటనే వెనక్కి పంపేయండి. ఇంకా కొననివాళ్లు ట్రిప్ ముందర కొనండి, నాలాగా రెండు నెలల ముందు డిస్కౌంట్ అని కొంటే వాపసు గడువు పెట్టెలోనే అయిపోతుంది. కాన్యన్‌లోకి వెళ్తూ ఫోన్ మీ దగ్గరే పెట్టుకుంటే ఎంత మంచి డబ్బా అయినా దండగే. ఇక "కాసేపే కదా" అని కారులో వదిలేయడం మాత్రం వద్దే వద్దు. అరిజోనాలో 2017 నుంచి చట్టం ఉంది, ముందు పోలీసులకి ఫోన్ చేయడంలాంటి షరతులు పాటిస్తే, ప్రాణం మీదికొచ్చిన కుక్కను కాపాడటానికి అద్దం పగలగొట్టినవాళ్ల మీద నష్టపరిహారం దావా నడవదు.

కాన్యన్ చూసిన మర్నాడు, పేజ్ పక్కనే నది గుర్రపు నాడాలా మెలి తిరిగే హార్స్ షూ బెండ్‌కి పొద్దున్నే వెళ్లాం. అక్కడ తాడు కట్టి కుక్కని తీసుకెళ్లొచ్చు. వచ్చే నెల గ్రాండ్ కాన్యన్ అనుకుంటున్నాం. సౌత్ రిమ్‌లో అంచు వెంట ఉన్న దారిలో కుక్కలకి పర్మిషన్ ఉంది, కిందికి దిగడానికి లేదు. ఒకరు దిగితే ఒకరు పైన లడ్డుతో ఉంటారు. నాన్న తన వంతు ఇప్పుడే రాయించుకున్నారు.

డబ్బా మాత్రం గ్యారేజీ గోడకి తగిలించాను. స్క్రీన్ మీద అంకె నిజమే చూపిస్తుంది, ఆ మేరకు పనికొస్తోంది. నిన్న సాయంత్రం ఆరింటికి 113.