సోలార్ యాప్ లాగిన్ మీ చేతికి రాకుండా చివరి వాయిదా కట్టొద్దు

"అలర్టు జనవరి 24నే వచ్చింది సార్. మీకు ఏఎంసీ లేదు కదా, అందుకే ఫోన్ చెయ్యలేదు."

నిన్న సాయంత్రం, మా ఇంటికి సోలార్ బిగించినాయన నాతో అన్న మాట ఇది. ఏఎంసీ అంటే ఏడాదికింతని డబ్బు కట్టి చేసుకునే మెయింటెనెన్స్ ఒప్పందం. నలభై ఒక్క రోజులుగా మా ప్యానెళ్లు ఒక్క యూనిట్ కూడా ఇవ్వలేదు. ఆ సంగతి ఆయనకు మొదటి రోజే తెలుసు. మాకు మాత్రం నిన్న కరెంటు బిల్లు వచ్చాక తెలిసింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఇది రాస్తున్నాను.

ముందు సంగతి గబగబా చెప్పేస్తాను. ఇల్లు ఖమ్మంలో, ఉండేది అమ్మా నాన్నా ఇద్దరే. నాది హైదరాబాద్‌లో ఉద్యోగం. పోయిన జూన్‌లో కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్, అంటే కరెంటు లైనుకు కలిపి నడిచే సోలార్ పెట్టించాం. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, వాటి కరెంటును ఇంట్లో వాడుకునేలా మార్చే ఇన్వర్టర్ ఒకటి, మనం లైనుకు ఇచ్చిందీ తీసుకున్నదీ లెక్కగట్టే నెట్ మీటర్. లక్షా తొంభై వేలు కట్టాం, 78,000 సబ్సిడీ నాన్న ఖాతాలో పడింది. డిసెంబరు దాకా బిల్లు ఎప్పుడూ రెండు మూడు వందలు దాటలేదు. నాన్న వీధిలో అందరికీ ఆ బిల్లు చూపించి, మీరూ పెట్టించుకోండి అని చెప్పేవారు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు నాన్నకు కొత్త ఫోన్ కొన్నాను. పాత ఫోన్‌లో సోలార్ యాప్ ఉండేది, కొత్తదాంట్లో వేస్తే లాగిన్ అడిగింది. ఐడీ బిగించినవాళ్లు పెట్టిందే, పాస్‌వర్డూ వాళ్లు పెట్టిందే. ఆయనకు ఫోన్ చేస్తే "రెండు రోజుల్లో పంపిస్తా సార్" అన్నాడు. పంపలేదు. ఇంకోసారి మెసేజ్ పెట్టాను, చూశాడు గానీ జవాబివ్వలేదు. నేను ఆఫీసు పనిలో పడి వదిలేశాను. ఫిబ్రవరి బిల్లు కొంచెం ఎక్కువొస్తే, చలికాలం కదా, గీజరు ఎక్కువ వాడి ఉంటారు అనుకున్నాను. ఆ రోజే ఎవరినైనా పైకి పంపి చూపించి ఉంటే సగం నష్టం తప్పేది. అది నా తప్పే.

నిన్న వచ్చిన బిల్లు 2,380 రూపాయలు. నాన్న ఫోన్ చేసి "ఒరేయ్, మీటర్ పాడైందేమో చూడరా" అన్నారు. వీడియో కాల్ పెట్టించి అమ్మను మెట్ల గదిలోకి తీసుకెళ్లమన్నాను. ఇన్వర్టర్ మీద ఎర్రలైటు వెలుగుతోంది. "ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా ఆ లైటు?" అని అడిగితే, "చాలా రోజుల నుంచి ఉంది నాన్నా, సోలార్ పని చేస్తోంది కాబట్టి వెలుగుతోందనుకున్నా" అంది. రోజూ దాని పక్క నుంచే వెళ్లి బట్టలు ఆరేస్తోంది.

స్క్రీన్ మీద ఐసోలేషన్ ఫాల్ట్ అని ఉంది, అంటే ప్యానెళ్ల వైర్లలోంచి కరెంటు ఎక్కడో బయటికి లీకవుతోందని. ప్యానెళ్ల కిందకి కెమెరా తిప్పమంటే కారణం కూడా కనబడింది. కేబుల్‌ను పైపులో వెయ్యకుండా, కనీసం టై కూడా కట్టకుండా వేలాడదీసి వదిలేశారు. మా వీధిలో కోతుల బెడద ఎంతుందో బిగించడానికి వచ్చిన రోజే నాన్న వాళ్లకు చెప్పారు. కోతులు లాగి కొరికినట్టున్నాయి, పైతొడుగు ఊడిపోయి రాగి తీగ ఇనుప స్టాండుకు ఆనుకుని ఉంది. అలా ఆనినప్పుడు ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది, అది ప్రమాదం జరగకుండా చూసే ఏర్పాటే. కానీ ఇన్వర్టర్ ఆగినంత మాత్రాన ప్యానెళ్లలో కరెంటు ఆగదు. ఎండ ఉన్నంతసేపూ ఆ ఆరు ప్యానెళ్ల వరుసలో 300 వోల్టులకు దగ్గరగా డీసీ ఉంటుంది. ఆ స్టాండుకు రెండడుగుల దూరంలో అమ్మ దండెం కట్టుకుంది.

అప్పుడు ఆ బిగించినాయనకు ఫోన్ చేశాను. నేను గొడవ పెట్టుకోవడానికి చెయ్యలేదు, మనిషిని పంపిస్తాడని చేశాను. మొదట్లో రాసిన మాట అప్పుడే అన్నాడు. ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. "అంటే మీకు తెలుసా?" అని మళ్లీ అడిగాను.

"మా అకౌంట్‌లో అన్నీ కనిపిస్తాయి సార్. ఏఎంసీ ఉన్నవాళ్లకు చెప్తాం."

"ఐదేళ్లు ఉచితంగా మెయింటెనెన్స్ చెయ్యాలని స్కీమ్ అగ్రిమెంట్‌లోనే ఉంది కదా?"

"మీరు కంప్లైంట్ పెడితే చేస్తాం సార్. పెట్టారా?"

ఫాల్ట్ వచ్చిందని చెప్పేది ఆ యాపే. ఆ యాప్ తాళం వాళ్ల దగ్గరే ఉంది. అడిగితే ఇవ్వలేదు. ఇప్పుడు మేం కంప్లైంట్ పెట్టలేదంటున్నాడు. సరే, ఇప్పుడైనా లాగిన్ ఇవ్వండి అన్నాను. ఏడాదికి 3,500 కడితే గెస్ట్ లాగిన్ ఇస్తానన్నాడు. ఇన్వర్టర్ మాది, ఇల్లు మాది, మా వైఫై మీదుగా పోయే లెక్కలు మాకు చూపించడానికి డబ్బెందుకు అని గట్టిగానే అడిగాను.

"ఇల్లు మీదే సార్. లాగిన్ మాది." అని నవ్వాడు.

ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. రోజుకు పన్నెండు యూనిట్ల లెక్కన దాదాపు 490 యూనిట్లు పోయాయి. పోతే పోయాయి. ఒక ఇంటి మీద వైరు ఊడి ఉందని ఫోన్‌లో కనబడుతుంటే, ఆ ఇంట్లో డెబ్బై ఏళ్ల మనుషులున్నారని తెలిసి కూడా, నలభై ఒక్క రోజులు నోరు మెదపకుండా ఎలా ఉండగలిగాడో నాకు అర్థం కావడం లేదు. బిగించిన రోజు మా అమ్మ చేతి భోజనం తిని వెళ్లిన మనిషి.

నా మీద నాకూ కోపంగానే ఉంది. ఫోటోలు వేరేవాళ్ల సర్వర్‌లో ఎందుకని పాత లాప్‌టాప్‌లో ఇమిచ్ అనే ఫోటోల సాఫ్ట్‌వేర్ పెట్టుకుని మూడేళ్లుగా ఇంట్లోనే నడుపుతున్నాను. నా వస్తువుల తాళాలు నా దగ్గరే ఉండాలని అందరికీ చెప్తాను. అలాంటివాణ్ణి, అమ్మానాన్నల ఇంటి కరెంటు దగ్గరికి వచ్చేసరికి ఆ యాప్‌లో ఓనర్‌గా ఎవరి పేరుందో చూడలేదు. బిగించిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఐదు నిమిషాల పని.

రాత్రే ఇన్వర్టర్ కంపెనీ కస్టమర్ కేర్‌కు సీరియల్ నంబరు, నాన్న పేరు మీదున్న బిల్లు, ఇన్వర్టర్ ఫోటో పంపి ఓనర్ అకౌంట్ నాన్న పేరు మీదకు మార్చమని అడిగాను. సూర్యఘర్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టాను. తెలిసిన ఎలక్ట్రీషియన్ ఈ రోజు పదకొండింటికి వస్తానన్నాడు. అప్పటిదాకా డాబా తలుపుకు తాళం వెయ్యమని అమ్మకు చెప్పాను. ఇన్వర్టర్ అడుగున దాని లెక్కలు వైరు ద్వారా నేరుగా చదువుకునే ఆర్‌ఎస్485 పోర్టు ఉంది. ఒక యూఎస్‌బీ అడాప్టర్ కొని, దాన్ని అక్కడే ఉన్న రాస్ప్‌బెర్రీ పై అనే పాత బుల్లి కంప్యూటర్‌కు కలిపి, ఇంట్లోనే నడిచే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌లో చూసుకుంటాను. ఎవరి యాప్‌తోనూ పని లేకుండా, ఇన్వర్టర్ ఆగిన నిమిషంలో నా ఫోన్‌కు మెసేజ్ రావాలి.

మీరు కొత్తగా పెట్టించుకుంటుంటే, యాప్‌లో ఓనర్ అకౌంట్ మీ మెయిల్‌తో తెరిపించుకోండి, వాళ్లను కావాలంటే గెస్ట్‌గా చేర్చండి. అది అయ్యాకే చివరి వాయిదా ఇవ్వండి. కేబుల్ మొత్తం పైపులో ఉందో లేదో డాబా ఎక్కి మీ కళ్లతో చూడండి. వేరే ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఇంటికి సోలార్ పెట్టించినవాళ్లు మాత్రం ఇది చదవగానే ఫోన్ చేసి, ఆ పెట్టె మీద లైటు ఏ రంగులో ఉందో అడగండి.