దుమ్ము ఇంకా పుట్టలేదా, ఊడ్చుకుపోయిందా?

చుట్టూ ఉన్న వాయువును మింగుతూ వెలిగిపోయే భారీ కృష్ణబిలమే క్వేసార్. మామూలుగా దాని చుట్టూ గారె ఆకారంలో దుమ్ము ఉంటుంది. గారె చిల్లు అంచున ఆ దుమ్ము 1500 కెల్విన్‌ దాకా కాగి పరారుణ కాంతి చిమ్ముతుంది. పరారుణ కాంతిని చూసే స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపుతో 21 అతి దూరపు క్వేసార్లను పరిశీలించి 2010లో ఫలితం ప్రకటిస్తే, రెండింటిలో ఆ వేడి దుమ్ము జాడే లేదు. బిగ్ బ్యాంగ్ తర్వాత దాదాపు 90 కోట్ల ఏళ్లనాటి వెలుగు అది.

దుమ్ము ఇంకా పుట్టలేదన్నది ఒక వాదన. దుమ్ములో ఉండే కార్బన్, సిలికాన్ ముందు నక్షత్రాల్లో తయారవ్వాలి, దానికి టైమ్ పడుతుంది. మరి అదే కాలానికి చెందిన మిగతా 19కి దుమ్ము ఎలా వచ్చింది? ఇక్కడ చూడాల్సింది విశ్వం వయసు కాదు, ఒక్కో కృష్ణబిలం ఎంత ఎదిగిందన్నది. ఆ రెండూ గుంపులో చిన్నవి, సూర్యుడి బరువుకు 20-30 కోట్ల రెట్లు మాత్రమే. (ఈ లెక్కలో అది చిన్నదే!) పైగా ఆ తొలినాటి క్వేసార్లలో కృష్ణబిలం బరువు పెరిగేకొద్దీ వేడి దుమ్మూ పెరిగింది. దగ్గరి క్వేసార్లలో ఆ పొంతన దాదాపు కనిపించదు. నన్ను ఒప్పించింది ఇదే.

వేడికి మొత్తం ఆవిరైపోయిందని చాలామందికి ముందు తోస్తుంది. అది నిలవదు. వెలుగు నాలుగు రెట్లయితే దుమ్ము ఆవిరయ్యే హద్దు రెండు రెట్లు దూరం జరుగుతుంది, అంతే. గారె చిల్లు పెద్దదవుతుంది కానీ గారె మాయమవదు.

రెండో వాదన, గాలులు ఊడ్చేశాయని. ఆకాశంలో ఒక ముక్కను లోతుగా గాలించిన కాస్మాస్ సర్వేలో 400 పైచిలుకు క్వేసార్లలో సుమారు 10 శాతానికి వేడి దుమ్ము బాగా తక్కువ. వాటిలో చాలావరకు విశ్వం బాగా ముదిరాక వెలిగినవి. అప్పటికి దుమ్ముకు కొదవ లేదు కాబట్టి 'ఇంకా పుట్టలేదు' అనే సాకు అక్కడ చెల్లదు. కృష్ణబిలం నుంచి వీచే గాలులు దుమ్మును నెట్టేశాయనుకోవడమే నయం. రెండు కృష్ణబిలాలు కలిసిన ఊపుకు ఒకటి గెలాక్సీ నడిమి నుంచి ఎగిరిపోయి, దుమ్మును వెనకే వదిలేసిందనే ఊహ కూడా ఉంది. వినడానికి బాగుంటుంది కానీ పదింట ఒకదానికి అలా జరిగిందంటే నేను నమ్మను.

అంటే తొలినాటి ఆ రెండింటికి మొదటి వాదన, తర్వాతివాటికి రెండోది. ఏదైనా ఒక క్వేసార్ విషయంలో తేల్చాలంటే మాత్రం కృష్ణబిలానికి దూరంగా, గెలాక్సీలో చల్లగా ఉన్న దుమ్మును వెతకాలి. ఊడ్చిన చోట అది మిగిలి ఉంటుంది. పుట్టని చోట అదీ కనపడదు.