కమాన్ల కింద ఉక్కు వెడ్జిలు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

వెడ్జి అంటే కమాన్‌కూ వెనుక యాక్సిల్‌కూ మధ్య పెట్టే ఏటవాలు లోహపు ముక్క. నాది వెనుక చక్రాల డ్రైవ్ ఉన్న పాత జీపు. ఎత్తు పెరగాలని వెనుక కమాన్ పట్టీలకు పొడవైన షాకిళ్లు (కమాన్ చివరను చాసిస్‌కు కలిపే లింకులు) వేయించాక, 60 కిలోమీటర్ల వేగం దాటితే చాలు, సీటు కింద గుమ్మని అదురు. అదే వేగంలో గేరు మార్చి చూసినా తగ్గలేదు. అంటే అది ఇంజిన్ అదురు కాదు. గ్యారేజీలో క్రాస్‌లు (షాఫ్టు రెండు చివర్ల వంగే కీళ్లు) మార్చారు, గేర్‌బాక్సు నుంచి వెనుక యాక్సిల్‌ను తిప్పే షాఫ్టుకు బ్యాలెన్సింగ్ చేశారు, డబ్బు తీసుకున్నారు; అదురు మాత్రం ఇంకా పెరిగింది.

బ్యాలెన్స్ తప్పితే షాఫ్టు చుట్టుకు ఒకసారి అదురుతుంది. క్రాస్ వంపు వల్ల వచ్చేది చుట్టుకు రెండుసార్లు. వంగిన క్రాస్ గుండా తిరిగే షాఫ్టు ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పుంజుకుని, రెండుసార్లు మందగిస్తుంది. వంపు 6 డిగ్రీలైతే ఈ తేడా అర శాతం పైచిలుకు. 20 డిగ్రీలైతే 6 శాతం. ముందు క్రాస్ పుట్టించిన హెచ్చుతగ్గులను వెనుక క్రాస్ రద్దు చేయాలంటే రెండిటి వంపూ దాదాపు సమానంగా ఉండాలి, షాఫ్టు రెండు చివరల యోకులూ (క్రాస్‌ను పట్టుకునే కొమ్ముల ముక్కలు) ఒకే వరుసలో ఉండాలి. యోకులు 90 డిగ్రీలు తప్పితే రద్దు కావలసింది కాస్తా రెట్టింపవుతుంది.

కోణమాపకం పెట్టి చూస్తే గేర్‌బాక్సు వాలు 4 డిగ్రీలు, పినియన్ (షాఫ్టు తిప్పే వెనుక యాక్సిల్ పళ్ల చక్రం) వాలు 7. ఈ రెండు వాలులూ సమానమైతే రెండు క్రాస్‌ల వంపూ సమానమవుతుంది. పొడవైన షాకిళ్లు పినియన్ ముక్కును పైకి లేపాయి. పైగా క్రాస్‌లు మార్చినప్పుడు జారుడు స్ప్లైన్‌ను (షాఫ్టు పొడవు సర్దుకునేలా జారే గాడుల జాయింటు) గుర్తులు చూడకుండా బిగించారు. షాఫ్టు మీద బాణం గుర్తులు ఉండేదే అందుకు! యోకులు వరుసకు తెచ్చిన రోజే సగం అదురు పోయింది.

మిగతా సగం 4 డిగ్రీల వెడ్జిలతో తీరింది. పినియన్ వాలు 3కు దిగింది. ఆ ఒక్క డిగ్రీ కావాలనే తక్కువ ఉంచాను: యాక్సిలరేటర్ తొక్కితే కమాన్లు మెలితిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది, అప్పుడు రెండు వాలులూ కలుస్తాయి. అల్యూమినియం వెడ్జిలు చౌక, కానీ కమాన్‌ను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ-బోల్టుల బిగింపుకు నలుగుతాయి, ఉక్కువే కొనండి.

ఇన్ని వానాకాలాల తర్వాత కూడా పాడేరు ఘాట్‌లో నిండు బరువుతో ఎక్కుతున్నా బండి నిమ్మళంగా ఉంటుంది. రెండో గేరులో ఒక్కసారిగా తొక్కితే చిన్న వణుకు ఇంకా వస్తుంది, దాన్ని వెడ్జి ఆపలేదు. యూ-బోల్టులు మొదట్లో వదులయ్యాయి, మళ్లీ బిగించాక కదల్లేదు. కొనేముందు రెండు వాలులూ కొలిపించుకోండి. తేడా ఒక డిగ్రీలోపు ఉంటే మీకు ఇవి అక్కర్లేదు.